మనవరాలికి తరుగు

వరంగల్,
నవంబరు మూడో వారం

రూతు వదినకు,

నీ మరదలు మౌనిక వందనాలు. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావు, నాకు తెలుసు. నవ్వు. నా ఫోన్ ఇప్పుడు మా అమ్మ బియ్యం డబ్బాలో ఉంది. బాలింత ఫోన్ చూస్తే కళ్లు గుంటలు పడతాయట, మెడ నరాలు పట్టేస్తాయట, మూడు నెలలు ముట్టుకోవద్దట. పోనీ అమ్మ ఫోన్‌లో నీతో మాట్లాడదామంటే స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటుంది. అందుకే నీ తమ్ముణ్ణి పోస్ట్‌మ్యాన్‌ని చేశాను. ఎట్లాగూ శనివారం డ్యూటీ దిగి డోర్నకల్‌లో రైలెక్కుతాడు, సోమవారం పొద్దున మళ్లీ ఎక్కుతాడు. కవరు గట్టిగా అంటించాను. విప్పినట్టు కనబడితే చెప్పు, పాప గుడ్డలన్నీ సందీప్ చేతనే ఉతికిస్తాను.

పాప బాగుంది. సన్నగా ఉంది. పుట్టినప్పుడు దవాఖానలో తూస్తే రెండు కిలోల నాలుగు వందలు. ఆపరేషన్ వల్లనేమో నాకు నాలుగో రోజుకు గానీ పాలు పడలేదు. అప్పటి నుంచి మా అమ్మ సువార్తమ్మ గారు ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట చెప్పింది: "మా ఇంట్ల ఆడోళ్లకు పాలు తక్కువ. మౌనికకు గూడ నేను రెండో నెలలనే డబ్బ పట్టిన." పాలు పోసే అతనికి చెప్పింది, ఆకుకూరల ఆమెకు చెప్పింది, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన పిల్లవాడు సగం విని పారిపోయాడు. నేను మాత్రం పంతం పట్టాను. డాక్టరమ్మ ఆరు నెలలు తల్లిపాలే అంది. ఆరు నెలలూ నా పాలే. ఆ డబ్బా ఈ ఇంటి గడప తొక్కకూడదు.

ఇంకో సంగతి. కాన్పుకు ముందు కావ్య అని ఒక అమ్మాయి వచ్చింది. పరిశోధన చేస్తోందట. బొడ్డుతాడులో మిగిలే రక్తం కొంచెం తీసుకుని అందులో హార్మోన్లు చూస్తుందట. పుట్టినప్పటి హార్మోన్లకూ, ఆ తర్వాత పిల్లలు ఒళ్లు చేయడానికీ ఏమైనా లంకె ఉందా అని. సరేనని సంతకం పెట్టాను. రెండు నెలలు దాటాక ఇంటికి వచ్చి పాపను తూస్తుందట.

అది విని మా నాన్న నొచ్చుకున్నాడు. మార్కెట్‌లో ఏలియా అంటే పాండురంగం సేటు అడ్తి దుకాణంలో రైతుల సరుకుకు కాంటా పట్టే దడ్వాయి. ఇరవై ఏడేళ్లుగా మిర్చి, వడ్లు, మొక్కజొన్న తూస్తున్న మనిషి ఇంట్లో ఉండగా బయటివాళ్లు వచ్చి మనవరాలిని తూయడమా? మొన్న ఆదివారం దుకాణం నుంచి చిన్న కాంటా తెచ్చి దూలానికి వేలాడదీశాడు. దానికి ఒక వెదురు తట్ట. ఇక వారం వారం తూకమే.

నీ మాట కోసం చూస్తుంటాను.

నీ మరదలు,
మౌనిక


డోర్నకల్,
నవంబరు ఆఖరు

ముద్దుల మరదలికి,

కవరు విప్పలేదు గానీ వెలుగుకు ఎత్తి పట్టి చదవబోయినట్టున్నాడు, మూల మీద చాయ్ మరక ఉంది. గుడ్డలు ఉతికించు.

పద్దెనిమిదేళ్లుగా కాన్పు వార్డులో నర్సునే తల్లీ. "మా ఇంట్ల పాలు తక్కువ" అన్న మాట వినని వారం లేదు. నా మాట విను. కాన్పు కాగానే ఒంట్లో రెండు హార్మోన్లు పనిలోకి దిగుతాయి. ఒకటి వంటమనిషి అనుకో, పాలు తయారు చేస్తుంది. పాప తాగిన కొద్దీ ఎక్కువ వండుతుంది. రెండోది వడ్డించే మనిషి, తయారైన పాలను బయటికి పంపుతుంది. ఈ రెండో ఆమె మహా సుకుమారం. నువ్వు భయపడి ఏడుస్తూ కూర్చుంటే ఆమె గరిటె పక్కన పెట్టేస్తుంది. నువ్వు నవ్వినా, పాపను చూసి మురిసినా పరుగెత్తుకొస్తుంది. ఆపరేషన్ అయితే ఇద్దరూ ఒకటి రెండు రోజులు లేటుగా డ్యూటీకి వస్తారు. రైల్వేవాణ్ణి చేసుకున్నదానివి, లేటు నీకు కొత్తా?

కాబట్టి నా మందు చీటీ: పూటకోసారి కడుపారా నవ్వాలి. మొదటి మోతాదు ఇదిగో. నీ మొగుడు చిన్నప్పుడు ఎంత బొద్దుగా ఉండేవాడంటే ఏడాది నిండేదాకా మాకు అతని మెడ కనబడలేదు. పౌడరు వేయాలంటే అమ్మ మడత విప్పి పట్టుకునేది, నేను చల్లేదాన్ని. ఒకసారి ఆ మడతలో బఠానీ గింజ దొరికింది. అది ఎప్పటిదో ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

పాపకు ఆ పోలిక వస్తే నన్ను తిట్టకు.

నీ వదిన,
రూతు


వరంగల్,
డిసెంబరు ఆఖరు

వదినా,

నీ మందు బాగా పనిచేసింది. బఠానీ గింజ గుర్తొచ్చినప్పుడల్లా జాకెట్ తడిసిపోతోంది. క్రిస్మస్ ఆరాధనలో పాస్టరుగారు గంభీరంగా ప్రార్థన చేస్తుంటే సందీప్ నా ముందు వరసలో తల వంచాడు, మెడ కనబడింది. ఇక ఆపుకోలేక పాపను పట్టుకుని బయటికి పరుగెత్తాను. అందరూ పాప ఏడ్చిందనుకున్నారు. పాపం, అది హాయిగా నిద్రపోతోంది.

పండుగ నెల మొదలైనప్పటి నుంచి చుట్టాలంతా పాపకు ఏవేవో తెస్తున్నారు. ఉన్ని చొక్కాలు, ఉన్ని టోపీలు, మా యాకమ్మ పెద్దమ్మ వెండి కడియాలు. అన్నీ తొడిగి నాన్న ఆదివారం ఆదివారం తూస్తూనే ఉన్నాడు.

ఇక నవ్వురాని సంగతి. ఆరు వారాల సూదికి బస్తీ దవాఖానకు పోయాం. అక్కడి కాంటా ఆ రోజు పనిచేయలేదు. బరువెంత అని నర్సమ్మ అడిగితే, నాన్న ఛాతీ విరుచుకుని తన తూకం చెప్పాడు: రెండు కిలోల తొమ్మిది వందలు. ఆమె రాసుకుంటూ ఆగింది. ఆరు వారాలకు అర కిలోయేనా అని నా మొహం చూసింది. వేరే దవాఖానలో తూయిద్దామంటే నాన్న చిన్నబుచ్చుకున్నాడు. "నా చేతి తూకానికి తిరుగుంటదా బిడ్డా" అన్నాడు. ఆటోలో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా అమ్మ మాట్లాడకపోవడం ఎంత పెద్ద విషయమో నీకు తెలుసు.

మరుసటి శనివారం నీ తమ్ముడు తువాలులో చుట్టి పాలడబ్బా తెచ్చాడు. నేను గొడవ పెట్టుకోబోయాను. అప్పుడు అమ్మ నా పక్కన కూర్చుని, నాకు ఎన్నడూ చెప్పనిది చెప్పింది. నేను పుట్టినప్పుడు ఆమె కూడా నాలాగే పంతం పట్టిందట. రెండో నెల దాకా తన పాలే ఇచ్చిందట. నాన్న వారం వారం తూస్తే బరువు పెరగలేదట. బిడ్డను మాడుస్తున్నావని వాడంతా అన్నారట. ఒకనాడు ఏడ్చుకుంటూ డబ్బా మూత తీసిందట. "నా లెక్క చెయ్యకు బిడ్డా, నేను చేసింది సాలు" అంది.

చివరికి ఒప్పందం చేసుకున్నాం. జనవరిలో కావ్య వచ్చి తూసేదాకా డబ్బా గూట్లో ఉంటుంది. అప్పటికీ పాప ఒళ్లు చేయకపోతే నేనే మూత తీస్తానని మాటిచ్చాను. నా పాలతో నా బిడ్డ పెరుగుతుందా లేదా, నాకిప్పుడు ఇంకో చింత లేదు వదినా. ఈ ఇంట్లో ఎవరూ నా వైపు లేరు. నువ్వొక్కదానివే ఉన్నావు.

మౌనిక


డోర్నకల్,
డిసెంబరు ఆఖరు

మౌనికా,

వార్డులో పని ఎక్కువగా ఉంది, అందుకని నాలుగు ముక్కలే. డబ్బా విషమేమీ కాదు. అవసరమైన పిల్లలకు మేమే పట్టిస్తాం. అవసరమనిపిస్తే మొండికేయకు. జాగ్రత్త.

రూతు


వరంగల్,
జనవరి మొదటి వారం

శ్రీమతి రూతు గారికి,

మీ ఉత్తరం అందింది. అందులో నవ్వు లేకపోవడం చూసి మీ తమ్ముణ్ణి నిలదీశాను. ఆయన అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి, ఆ సంగతి మీరే నాకు పెళ్లిలో చెప్పారు. డబ్బా కొనమన్నది మీరేనట. "అక్కనే చెప్పింది. నీకు చెప్పొద్దన్నది" అన్నాడు.

మీరు నర్సు. మీకు తెలిసినంత నాకు తెలియదు. నా పాలు చాలవని మీకు అనిపిస్తే నాకే రాయవలసింది. ఒక చేత్తో బఠానీ గింజ కథ, ఇంకో చేత్తో డబ్బా ఎందుకు? మీరు చెప్పిన ఆ వడ్డించే ఆమె నిన్నటి నుంచి గరిటె ముట్టడం లేదు.

ఇట్లు,
మౌనిక

తా.క. పాప మొన్న నన్ను చూసి నవ్వింది. మీకు చెప్పకూడదనుకున్నాను.


డోర్నకల్,
ఉత్తరం అందిన గంటకే

మౌనీ,

"మీరు" అన్న మాట చూసి వార్డులో కూర్చునే ఏడ్చాను. ఒక బాలింత నా వీపు నిమిరింది. సిగ్గుపోయింది.

నువ్వన్నది నిజం. దవాఖానలో మీ నాన్న చెప్పిన తూకం సందీప్ నాకు ఫోన్‌లో చెప్పాడు. ఆరు వారాలకు అర కిలో అంటే చాలా తక్కువ. అట్లాంటి పిల్లలను నేను చూశాను. నీకు రాస్తే భయపడతావు, భయపడితే పాలు రావు అనుకుని చాటుగా డబ్బా పంపాను. నీకు తెలియకుండా నీ బిడ్డ గురించి నేను తేల్చేయడం తప్పే. ఇంకెన్నడూ చేయను.

కానీ ఏడుపు ఆగాక నీ ఉత్తరాలు మళ్లీ చదివాను. ఒక్క ఆ అంకె తప్ప నువ్వు రాసినవన్నీ బాగా తాగే పిల్ల లక్షణాలే. తాగి హాయిగా నిద్రపోతోంది, మొహం చూసి నవ్వుతోంది. రోజంతా ఆరేడు గుడ్డలు బాగా తడుపుతోందా? పుట్టినప్పటి చొక్కాలు పడుతున్నాయా? పట్టకపోతే మరి బరువు ఎందుకు పెరగలేదు? నాకేదో తేడాగా ఉంది. మీ నాన్న చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. కావ్య వచ్చేదాకా ఆగకు. పనిచేసే కాంటా ఎక్కడుంటే అక్కడ, ఈ ఉత్తరం అందగానే పాపను పెట్టు. నిజంగా తక్కువుంటే నేను సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం కలిసి ఏం చేయాలో చూద్దాం. చాటుగా మాత్రం ఏదీ ఉండదు.

పాప నవ్వితే ఎవరి పోలిక? అది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

నీ వదిన (ఇంకా అవునా?)


వరంగల్,
జనవరి రెండో వారం

వదినా, వదినా, వదినా,

మూడుసార్లు రాశాను, బాకీ తీరింది. కూర్చుని చదువు. చేతిలో సూదీ మందూ ఉంటే పక్కన పెట్టు.

నీ ఉత్తరం చదివి, అమ్మ ఫోన్ అడుక్కుని కావ్యను తొందరగా రమ్మన్నాను. పుట్టినప్పటి చొక్కాలేవీ పాపకు పట్టడం లేదు, గుడ్డలు తడపడంలో అలుపే లేదు అని చెబితే ఆమె కూడా ఆశ్చర్యపోయి శుక్రవారమే వచ్చింది. సంచిలోంచి పలకంత కాంటా తీసింది. పాప బట్టలూ కడియాలూ అన్నీ విప్పి దాని మీద పడుకోబెట్టింది. నాలుగు కిలోల నాలుగు వందలు. పది వారాలకు రెండు కిలోలు! అమ్మ ఆ అంకెను రెండుసార్లు చదివించుకుంది. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. మొన్న ఆదివారమే తాను తూశాడట, మూడున్నరే వచ్చిందట, ఈ ప్లాస్టిక్ డబ్బాను నమ్మి మోసపోవద్దట. సైకిలేసుకుని దుకాణానికి పోయి ఐదు కిలోల ఇనుప రాయి తెచ్చాడు. కావ్య కాంటా మీద పెడితే సరిగ్గా ఐదు. నాన్న కాంటాకు తగిలిస్తే అదీ ఐదే. రెండు కాంటాలూ నిజమే చెబుతున్నాయి. మధ్యలో మా పాప తొమ్మిది వందల గ్రాములు ఎక్కడ పారేసుకుంది?

కావ్య మెల్లగా, ఒకసారి మీరు తూసి చూపించండి అంకుల్ అంది. నాన్న తట్టలో బొంత పరిచాడు. పాపకు ఉన్ని చొక్కా, టోపీ, కడియాలు తొడిగి పడుకోబెట్టాడు. ముల్లు నిలబడగానే అడ్తి దుకాణంలో లాగా గొంతెత్తాడు.

"మొత్తం ఐదుంబావు. తట్టకు బొంతకు కిలో. చొక్కకు టోపికి కడియాలకు పావు. తేమ పావు. తరుగు పావు. నికరం మూడున్నర."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కావ్య గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. తరుగు వదినా, తరుగు. వడ్లలో తాలు పోతుందని, మిర్చిలో దుమ్ము పోతుందని బస్తా బస్తాకూ కోస్తారే, ఆ తరుగు. నా బిడ్డకు కోశాడు. పక్క తడుపుతుంది కదా అని తేమ కూడా కోశాడు. తట్టా బొంతా అర కిలోకు కొంచెం ఎక్కువుంటాయేమో, దుకాణం అలవాటు కొద్దీ కిలో చేశాడు. చుట్టాలు కొత్త టోపీ తెచ్చిన ప్రతిసారీ కోత పెరిగింది. కావ్యా నేనూ ఇట్లా నవ్వుతుంటే నాన్న నిజంగానే అడిగాడు: "తరుగు తియ్యకుంటే అది తూకమెట్లయితది?"

అమ్మ నవ్వలేదు. పాప టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మెల్లగా అడిగింది.

"మౌనిక చిన్నగున్నప్పుడు గూడ గిట్లనే తూసినవా?"

నాన్న కాంటా వంక చూశాడు, దూలం వంక చూశాడు.

"అప్పుడు పనికి కొత్త. సేటు భయానికి ఇంక జర ఎక్కువనే తీసేది."

అమ్మ వంటింట్లోకి పోయింది. లోపల ఏదో చప్పుడు. ఏడుస్తోందనుకుని నేను పరుగెత్తాను. కొంగు నోట్లో కుక్కుకుని, పొయ్యి గట్టు పట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతోంది. కళ్లనిండా నీళ్లు. "ఇరవై ఆరేండ్ల సంది నా పాలే తక్కువనుకున్ననే" అంది. ఇద్దరం పట్టుకుని నవ్వీ ఏడ్చీ, ఏది ఎప్పుడు చేశామో తెలియలేదు. నా జాకెట్ సంగతి అడగకు.

పోయే ముందు కావ్యను హార్మోన్ల గురించి అడిగాను. ఇక చాలు, కడుపు నిండింది అని మెదడుకు చెప్పే హార్మోన్ ఒకటుందట. సన్నగా పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలో అది తక్కువగా ఉంటుందట. అందుకే వాళ్లు త్వరగా ఒళ్లు చేసి మిగతా పిల్లలను అందుకుంటారా అన్నది ఆమె చూస్తోంది. ఒక్క పాపతో ఏదీ తేలదని గట్టిగా చెప్పింది. నాకు తేలవలసింది తేలిపోయింది.

నవ్వు నీ పోలికే. సగం మూతి వంకర.

నీ మరదలు (ఇంకా ఎప్పటికీ),
మౌనిక


డోర్నకల్,
జనవరి మూడో వారం

మౌనీ,

నీ ఉత్తరం వార్డులో గట్టిగా చదివాను. ఆపరేషన్ కుట్లున్న ఇద్దరు నవ్వొద్దు నవ్వొద్దు అని కడుపు పట్టుకుని నన్ను తిట్టారు. పెద్ద డాక్టరుగారు వచ్చి అరవబోయి, తరుగు దాకా విని, ఆయనా కుర్చీ లాక్కున్నారు.

ఏలియా మామకు చెప్పు, నన్ను తూయాలంటే ఆయనే తూయాలి. నా జన్మలో ఇంకెవరూ నాకు అంత తక్కువ బరువు చెప్పరు.

మీ అమ్మను మాత్రం నా తరఫున గట్టిగా వాటేసుకో. పద్దెనిమిదేళ్లలో ఎంతమంది తల్లులకు పాలు చాలుతున్నాయని చెప్పానో లెక్క లేదు. ఆమెకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

పాలడబ్బాను సందీప్ నాకే తిరిగి ఇచ్చాడు. చాయ్‌లో వేసుకుంటున్నాం. బాగుంది.

రూతు వదిన


వరంగల్,
మార్చి రెండో వారం

వదినా,

ఫోన్ చేతికొచ్చింది. అయినా ఇది ఫోన్‌లో చెప్పాలనిపించలేదు. నీకు ఆ రోజు డ్యూటీ పడి రాలేకపోయావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందుగా నాన్న శిక్ష. కావ్య వచ్చి పోయిన తర్వాత వారం పాటు అమ్మ ఆయనకు అన్నం వడ్డించి, పళ్లెంలోంచి ఒక గరిటె వెనక్కి తీసింది. "తరుగు" అంది. ఆయన కిమ్మనకుండా తిన్నాడు. కాంటా దుకాణంలో ఇచ్చేసి వచ్చాడు. పాపను ఎత్తుకోవడానికి కూడా మొహమాటపడ్డాడు. నాకు జాలేసింది. ఇరవై ఏడేళ్లు సేటు చెప్పినట్టు చేసిన చెయ్యి అది, ఇంటికొచ్చినా మారలేదు, అంతే కదా.

మొన్న ఆదివారం గుడిలో పాపను దేవునికి ప్రతిష్ఠించాం. పాప ఎంత బరువుంటే అన్ని బియ్యం పేదలకు ఇస్తానని అమ్మ మొక్కుకుందట. తూకం ఎవరు వేయాలని పాస్టరుగారు అడిగితే, "ఇంకెవరు, వాళ్ల తాతనే" అంది అమ్మ. నాన్న ఆమె వంక చూసి లేచాడు. రెండు పళ్లేల పెద్ద తక్కెడ. ఒక పళ్లెంలో పలచటి గౌనుతో పాప. టోపీ లేదు, కడియాలు లేవు. సందీప్ వీపు వెనక చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. రెండో పళ్లెంలో నాన్న డబ్బాతో బియ్యం పోయసాగాడు. మార్కెట్‌లో కొలిచినట్టే ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కపెడుతూ పోశాడు. గుడి అంతా ఆయనతో పాటు లెక్కపెట్టింది. పళ్లేలు సరిసమానం అయ్యాయి. నాన్న ఆగలేదు. దోసిలి నిండా తీసి కొసరు పోశాడు. పాప పైకి లేచి మా అందరినీ పైనుంచి చూసి నవ్వింది. చప్పట్లు.

ఇక అయిపోయిందనుకుని నేను పాపను ఎత్తుకున్నాను. అప్పుడు అమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచి వచ్చింది. తక్కెడ పక్కన నిలబడి నాన్నతో అంది.

"ఇది మనుమరాలిది. ఇగ నా బిడ్డకు తీసిన తరుగు పొయ్యి."

నాన్న డబ్బా కింద పెట్టి, రెండు చేతులతో బియ్యం తీసి పోయడం మొదలుపెట్టాడు. ఈసారి లెక్కపెట్టలేదు. నేలకు దిగిన పళ్లెం నిండిపోయింది, బియ్యం పొర్లి చాప మీద పడింది, అయినా పోస్తూనే ఉన్నాడు, అమ్మ చాలు అనేదాకా.

చాలా సేపు అనలేదు వదినా.

మౌనిక